ఆరిజిన్: రంగు కిందున్న మెట్లు చూపే సినిమా

ఏవా డూవెర్నే తీసిన 'ఆరిజిన్' (2023) జాతివివక్షను ఒంటి రంగు దగ్గరే వదిలేయదు. అమెరికా పాత్రికేయురాలు ఇసబెల్ విల్కర్సన్ 'కాస్ట్' (కులం) పుస్తకం రాసిన క్రమమే కథ. అమెరికా నల్లవాళ్ళు, జర్మనీ యూదులు, మన దళితులు పడ్డ అవమానాల వెనక ఒకే నిచ్చెనమెట్ల కట్టడం ఉందని వాదిస్తుంది. నాజీ న్యాయవాదులు అమెరికా జాతివివక్ష చట్టాలను ముందేసుకుని చర్చించే సన్నివేశమే ఆ వాదనకు వెన్నెముక.

ఈతకొలను ఘట్టం మాత్రం తప్పక చూడాలి. 1951, ఒహాయో. బేస్‌బాల్ జట్టులో ఒక్కడే నల్లపిల్లాడు. తోటివాళ్ళంతా నీళ్ళలో, వాడొక్కడూ కంచె అవతల. చివరికి తెప్ప మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాకొద్దని చెప్పి, ఒక్క చుట్టు తిప్పుతారు. మన ఊరబావుల చరిత్ర తెలిసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు.

లోపమంతా భారతదేశం భాగంలోనే. బడిలో చిన్నారి అంబేద్కర్, మలం ఎత్తే కార్మికులు బలంగా కదిలిస్తారు, కానీ అంతలోనే వెళ్ళిపోతారు. కులాల లోపలి అంతరాలు అసలు రావు.

విశాఖ కాలేజీల్లో ప్రదర్శించేవాళ్ళు నిడివి 141 నిమిషాలని గుర్తుంచుకోండి. సబ్‌టైటిల్స్ పెట్టండి. కథ కాలాల మధ్య దూకుతుంది కాబట్టి జర్మనీలో యూదుల పౌరసత్వం తీసేసిన 1935 న్యూరెంబర్గ్ చట్టాల గురించి ముందే ఐదు నిమిషాలు చెప్పండి, లేకపోతే బెర్లిన్ దగ్గర పిల్లలు దారి తప్పుతారు.