గెయిన్స్‌విల్‌లో నాలుగేళ్ల కాపురం: ఊరు బంగారం, లీజు తారీఖులే గుండెదడ

పిల్లాపాపలతో అమెరికాలో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కి రావాలనుకుంటున్న మనవాళ్లు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే. అద్దె ఎంత, గదులెన్ని అని అడిగే ముందు లీజు ఏ తారీఖున మొదలై ఏ తారీఖున ముగుస్తుందో అడగండి. ఫ్లోరిడా ఎండలు, మొసళ్లు, ఫుట్‌బాల్ పిచ్చి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ తారీఖుల సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

మేం 2021 ఆగస్టులో టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి వచ్చాం. మా ఆయనకు యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో రీసెర్చ్ ఉద్యోగం. యూనివర్సిటీ ఉద్యోగాలు హెచ్-1బి లాటరీలోకి రావు, ఏటా 85,000 అనే కోటా వాటికి వర్తించదు. మనవాళ్లు చాలామంది ఇలాంటి కాలేజీ ఊళ్లకి చేరడానికి అదొక పెద్ద కారణం. నాది ఇంటి నుంచి చేసే పని, హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలకిచ్చే హెచ్-4 వీసా మీద వర్క్ పర్మిట్. పాపకి అప్పుడే ఏడాది నిండింది. ఇర్వింగ్‌లో కరివేపాకు నుంచి కుంకుమ దాకా పది నిమిషాల దూరంలో దొరికేవి. అక్కణ్ణుంచి ఇక్కడికంటే మా అత్తగారు ఫోన్‌లోనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

2020 జనగణన ప్రకారం ఈ ఊరి జనాభా లక్షా నలభై ఒక్క వేలు. యూనివర్సిటీలో చదివేవాళ్లే యాభై వేలకు పైన ఉంటారు. కాబట్టి అద్దె ఇళ్ల వ్యాపారం చాలావరకు వాళ్ల చుట్టూనే తిరుగుతుంది. క్యాంపస్‌కి దగ్గర్లో, ఆర్చర్ రోడ్డు చుట్టుపక్కల పెద్ద కాంప్లెక్సుల్లో చాలాచోట్ల ఇల్లు అద్దెకివ్వరు, గది అద్దెకిస్తారు. బోర్డు మీద కనిపించే రేటు ఒక్క గదిది. మూడు గదుల ఇల్లు మొత్తం కావాలంటే దాన్ని మూడుతో గుణించుకోవాలి. లీజులు ఆగస్టు మధ్యలో మొదలై మరుసటి ఏడాది జూలై ఆఖరుకి ముగుస్తాయి. మధ్యలో మిగిలే రోజుల్లో రంగులు వేయడం, కార్పెట్లు కడగడం. వేసవికి సొంతూరు వెళ్లిపోయే కుర్రాళ్లకి ఆ మధ్య రోజులతో పనే లేదు. ఇల్లే సొంతూరైన మాలాంటి వాళ్లకే ఆ రోజుల్లో తల దాచుకోవడానికి చోటుండదు.

మొదటి ఏడాది ఈ లెక్క మాకు తగల్లేదు, ఎందుకంటే వచ్చిందే ఆగస్టులో. సామాన్ల పెట్టెలు ఇంకా పూర్తిగా విప్పకముందే, నవంబరులో, లీజు రెన్యువల్ చేస్తారా లేదా అని కాంప్లెక్సు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా ఆయన పోస్టు ఏడాదికోసారి పొడిగించేది. పొడిగించామని చెప్పే ఉత్తరం వసంతకాలంలో గానీ రాదు. తర్వాతి ఆగస్టుకి ఉంటామో లేదో తెలియకుండా నవంబరులో సంతకం ఎలా పెట్టడం? కాస్త ఆగమని అడిగాం. ఆగుతామన్నట్టే మాట్లాడారు. జనవరిలో వెళితే మీ ఇల్లు వేరేవాళ్లు తీసుకున్నారన్నారు. మేం అందులో కాపురం ఉంటుండగానే అది ఇంకొకరి ఇల్లయిపోయింది.

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చాక వెతికి వెతికి ఇంకో కాంప్లెక్సులో రెండు గదుల ఇల్లు పట్టాం. పాతది జూలై 31 మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలి. కొత్తదాని తాళాలు ఆగస్టు మధ్యలో ఇస్తారు. మధ్యలో రెండేళ్ల పిల్ల, ఇద్దరం పెద్దవాళ్లం, ఒక ట్రక్కు సామాను.

జూలై 31న ఈ ఊళ్లో రోడ్డు మీదకి వస్తే ఊరంతా ఒక్కసారిగా ఇల్లు మారుతున్నట్టే ఉంటుంది. ఏ సందు చూసినా అద్దె ట్రక్కులే. చెత్తకుండీల పక్కన సోఫాలు, పరుపులు, రైస్ కుక్కర్లు, ఒక్కసారి కూడా వాడనట్టున్న బల్లదీపాలు గుట్టలుగా పడి ఉంటాయి. కొత్తగా వచ్చిన మన స్టూడెంట్లు వాటిలోంచే ఇల్లు అమర్చుకుంటారు. చెక్క, ఇనుప సామాను అయితే తెచ్చుకోండి గానీ గుడ్డ తొడుగున్నది ఏదీ ముట్టుకోకండి, నల్లులతో అవస్థ పడిన ఇళ్లు నాకు తెలుసు. మధ్యాహ్నం దాటగానే ఇక్కడ వేసవిలో రోజూ వచ్చే ఉరుముల వాన మొదలైంది. ట్రక్కు తలుపు దగ్గర నిలబడి, తడుస్తున్న పెట్టెల మీద దుప్పట్లు కప్పుతూ, నేను వెతికింది మాత్రం టేబుల్ టాప్ గ్రైండర్ ఉన్న పెట్టె. ఇర్వింగ్‌లో వదిలేసి రమ్మంటే కూడా వదలకుండా తెచ్చుకున్నాను దాన్ని.

సామాను ఊరి చివర గోడౌన్ గదిలో పెట్టాం. ఏసీ ఉన్న గదులు మార్చిలోనే అయిపోయాయట. ఆ వేడికి ఆవకాయ నూనె మరిగినట్టై జాడీ మూతలోంచి పైకి పొంగింది. మా పెళ్లి ఆల్బమ్ అట్టకి ఆ మరక ఇప్పటికీ ఉంది. మేం ముగ్గురం యూనివర్సిటీ ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉండే ఒక తెలుగు జంట ఇంట్లో చేరాం. ఇద్దరూ పీహెచ్‌డీ చేస్తున్నారు, ఉన్నది ఒకటే పడకగది. "అక్కా, మీరు లోపల పడుకోండి, మాకు హాలు చాలు" అన్నారు. ఎంత వద్దన్నా వినలేదు. వాళ్లు ఆ మాట అనకపోతే మేం ఆ రోజులన్నీ హోటల్లో గడపాలి. అది మా ఒక నెల అద్దెకంటే ఎక్కువయ్యేది.

అసలు టెన్షన్ ఇల్లు కాదు, అడ్రసు. వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు మారితే పది రోజుల్లోపు ఇమిగ్రేషన్ వాళ్లకి కొత్త అడ్రసు చెప్పాలి. మాకు అడ్రసంటూ లేని రోజుల్లో ఏ అడ్రసు చెప్పాలి? ఆ స్నేహితుల ఇల్లే రాశాం. సరిగ్గా అదే సమయంలో నా కొత్త వర్క్ పర్మిట్ కార్డు అచ్చయి పోస్టులో బయల్దేరింది, పాత అడ్రసుకి. ఈ కార్డుల్ని పోస్టాఫీసు కొత్త అడ్రసుకి మళ్లించదు. మనం ఫార్వర్డింగ్ పెట్టుకుంటే కార్డు పంపినవాళ్ల దగ్గరికే తిరిగిపోతుంది. ఆ సంగతి తెలిసే మేం ఫార్వర్డింగ్ పెట్టలేదు. ట్రాకింగ్‌లో 'డెలివరీ అయింది' అని చూపించింది. కార్డు మా పాత ఇంటి పోస్టు డబ్బాలో ఉంది. ఆ డబ్బా తాళం మేం జూలై 31న అప్పగించేశాం.

పాత కాంప్లెక్సు ఆఫీసుకి పరుగెత్తాను. డెస్కు వెనకాల వేసవి ఉద్యోగం చేస్తున్న స్టూడెంట్ అమ్మాయి. పాపం ఆ అమ్మాయి చేతిలో ఏముంది? పోస్టు డబ్బా తెరవడానికి మాకు అధికారం లేదని చెప్పింది. మేనేజరు లోపలే ఉన్నా బయటికి రాలేదు. నా పాత కార్డు గడువు దగ్గరపడుతోంది, కొత్తది చూపించకపోతే జీతం ఆపేయక తప్పదని మా కంపెనీ హెచ్‌ఆర్ అప్పటికే మెయిల్ పెట్టింది. రోజూ సాయంత్రం పాపని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని వెళ్లి ఆ డబ్బాల వరస ముందు నిలబడేదాన్ని. రేకు తలుపుకి వేలెడంత సందు కూడా లేదు. లోపల నా పేరుతో కవరు ఉందని తెలుసు, ఏం చేయలేను.

చివరికి ఒక చీటీ రాసి మా పాత ఇంటి తలుపుకి అంటించాను: ఈ పేరుతో కవరు వస్తే దయచేసి ఈ నంబరుకి ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే. ఆగస్టు మధ్యలో ఒక రాత్రి తెలియని నంబరు నుంచి ఫోన్. కొత్తగా ఆ ఇంట్లో దిగిన అమ్మాయి, మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పిల్ల. మేం వెళ్లేసరికి వాళ్లమ్మ తలుపు తీసింది. ఆ ఇంట్లో అప్పటికి ఒక్క కుర్చీ కూడా లేదు. కవరు మాత్రం తడవకుండా, నలక్కుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి వంటింటి అరలో భద్రంగా ఉంచారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా పాపని ఎత్తుకుంది. మా పాప కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లే పిల్ల కాదు, ఆవిడ భుజం మీద మాత్రం తల వాల్చేసింది.

కొత్త కాంప్లెక్సు వాళ్లు చెప్పిన రోజున తాళాలైతే ఇచ్చారు గానీ ఫ్రిజ్‌లో పాతవాళ్ల తిండి అలాగే ఉంది, ఒక గదికి రంగు సగమే వేశారు. మొదటి కాంప్లెక్సు వాళ్లు డిపాజిట్‌లో కార్పెట్ పేరు చెప్పి కొంత కోత పెట్టారు. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఫ్లోరిడా చట్టం ప్రకారం కోత లేకపోతే 15 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోత పెడితే 30 రోజుల్లోపు రాతపూర్వకంగా కారణం చెబుతూ నోటీసు పంపాలి. అది అందాక అభ్యంతరం చెప్పడానికి మనకు 15 రోజులు. ఖాళీ చేసే రోజు ప్రతి గదీ వీడియో తీసిపెట్టుకున్నాం కాబట్టి మేం అభ్యంతరం రాయగలిగాం, చాలావరకు డబ్బు వెనక్కి వచ్చింది.

ఆ ఏడాదంతా నేను ఈ ఊరిని తిట్టుకుంటూనే ఉన్నాను. 2023 వేసవిలో, ఊరికి వాయవ్యంగా 39వ ఎవెన్యూ వైపు పాత పేటల్లో తిరుగుతుంటే, ఒక ఇంటి ముందు గడ్డిలో 'అద్దెకు' అన్న బోర్డు కనిపించింది. రెండు వాటాల ఇల్లు. ఓనరు రిటైరైన టీచరమ్మ, పక్క వీధిలోనే ఉంటారు. లీజు ఎప్పటి నుంచి అని భయం భయంగా అడిగాను. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. పాతింటి గడువుకి ముందే తాళాలు ఇచ్చారు. రెండిళ్లూ మా చేతిలో ఉన్న ఆ కొద్దిరోజులు ఎంత హాయిగా గడిచాయో! సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చాక కారులో నాలుగు పెట్టెలు తీసుకెళ్లి సర్దుకోవడం, మళ్లీ రావడం. ముందు దేవుడి పటాలు పెట్టి పాలు పొంగించాం, ఆ తర్వాతే వంటసామాను కదిలింది.

ఆ ఇంటికి మారాకే నాకు గెయిన్స్‌విల్ కనిపించింది. లేక్ ఆలిస్ ఎదురుగా, మ్యూజియం రోడ్డు పక్కన 1991లో యూనివర్సిటీ గబ్బిలాల కోసం కట్టించిన ఇల్లు ఉంది. పొద్దుగూకిన కాసేపటికి అందులోంచి లక్షల గబ్బిలాలు నల్లటి పొగలా బయటికొస్తాయి. ముక్కుపుటాలు అదిరే వాసన, పైనించి రాలే తుంపరలు, అయినా మా పాప అక్కణ్ణుంచి కదలదు. చెరువులో మొసళ్లుంటాయి, పిల్లల చెయ్యి వదలకండి. సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్ మధ్యలో హరేకృష్ణ వాళ్లు వడ్డించే శాకాహార భోజనం 1971 నుంచీ ఉంది. దాన్లో హల్వా కోసమే మా ఆయన లంచ్ బాక్సు ఇంట్లో వదిలేసి వెళ్లిన రోజులున్నాయి. నాలుగేళ్లు నిండిన పిల్లలకి ఫ్లోరిడాలో ప్రీ-కేజీ ఉచితం, బడి ఏడాదికి 540 గంటలు. పాప అక్కడ ఏడాది చదివి ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరింది.

మొదటి ఏడాది నేనే స్నేహితులందరికీ కారు ఒక్కటి చాలు, బస్సులో యూనివర్సిటీ కార్డు చూపిస్తే టికెట్ అక్కర్లేదు అని చెప్పాను. క్యాంపస్ పక్కన ఉన్నంతకాలం అది నిజమే. వాయవ్యం వైపు వచ్చాక బస్సులు తక్కువ, సెలవుల్లో ఇంకా తక్కువ. మేం రెండో కారు కొన్నాం. అద్దెలో మిగిలిందనుకున్నది సగం దాని ఇన్సూరెన్సుకే పోతోంది. ఇండియన్ సరుకులు ఊళ్లో దొరుకుతాయి గానీ తాజా గోంగూర, మునక్కాడలు అన్ని వారాలూ ఉండవు. పెద్ద పండగకి పెద్ద గుడి కావాలంటే ఆర్లాండో వైపో జాక్సన్‌విల్ వైపో బయల్దేరాలి. సంక్రాంతికి ముగ్గు వేస్తే చూసి మెచ్చుకునే పొరుగింటివాళ్లు ఉన్నారు, చుక్కలు కలిపేవాళ్లు లేరు.

కాబట్టి ఈ ఊరు రమ్మనాలా వద్దనాలా అంటే మీ సంగతి బట్టే చెప్పగలను. చదువుకోవడానికి ఒంటరిగా వచ్చేవాళ్లకి ఆ ఆగస్టు లీజులే హాయి, వాళ్ల కోసమే పెట్టినవి కదా. ఇద్దరికీ ఆఫీసుకి వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కావాలంటే ఇక్కడ కష్టం, నాది ఇంటి పని కాబట్టి చెల్లింది. మాలా ఒక్క పిల్ల, ఒక్క యూనివర్సిటీ జీతం, ఏడాదికోసారి వచ్చే ఉత్తరం అయితే మాత్రం పెద్ద కాంప్లెక్సుల వైపు వెళ్లకండి. పేటల్లో తిరిగి సొంత ఓనరు ఉన్న ఇల్లు వెతకండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే. తప్పనిసరై కాంప్లెక్సులోనే చేరితే ముగింపు తారీఖు లీజులో రాయించుకున్నాకే సంతకం పెట్టండి, ఇమిగ్రేషన్ కాగితాలు ఏవైనా జూలై ఆగస్టుల్లో వచ్చేటట్టుంటే నమ్మకమైన స్నేహితుల అడ్రసు ముందే ఇచ్చి ఉంచండి. మా ఆయన ఉత్తరం ఈసారి కూడా వసంతంలోనే వస్తుంది. ఓనరమ్మగారిని నవంబరులో అడిగితే, ఉత్తరం వచ్చాక చెప్పండి, తొందరేం లేదన్నారు.