కామార్గ్‌లో గుర్రం స్వారీ: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి

ఈ మే మొదట్లో నేను, మా ఆవిడ, పదేళ్ళ మా పాప, అమలాపురం నుంచి వచ్చిన మా బామ్మర్ది కలిసి ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న కామార్గ్ వెళ్ళొచ్చాం. రోన్ నది మధ్యధరా సముద్రంలో కలిసే డెల్టా అది. ఆర్ల్ దాకా ట్రైన్, అక్కడ్నుంచి సముద్రం ఒడ్డున ఉన్న సాంత్-మరీ-ద-లా-మేర్ అనే ఊరికి బస్సులో దాదాపు గంట. దారి పొడుగునా నీళ్ళు పెట్టిన వరి మళ్ళే, మా వాడైతే "బావా, మన ఊరి రోడ్డే ఇది" అని కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. అక్కడి నేల చౌడు, నది నీళ్ళు మళ్ళకి పెట్టి ఉప్పుని కిందకి దింపడానికే వరి వేస్తారంట.

గుర్రం రైడ్ రెండు చోట్ల చేశాం, రెండిటికీ అసలు పోలికే లేదు. మొదటిది రోడ్డు పక్కనే బోర్డు చూసి ఎక్కేశాం. పదిహేను గుర్రాలు ఒకదాని తోక వెనక ఒకటి, రికాబులు మా కాళ్ళకి సరిచేసిన వాళ్ళే లేరు, పాప ఎక్కిన గుర్రానికి పొట్ట కింద జీను పట్టీ ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంది. చూపిస్తే ఏం కాదులే అన్నట్టు తల ఊపారు. పాపని దించేశాం, నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు.

రెండోది ఊరికి కొంచెం దూరంగా ఎడ్లు, గుర్రాలు పెంచే చోటు, వీటిని అక్కడ మనాద్ అంటారు. ముందే ఫోన్ చేస్తే మా బరువు, ఎత్తు, ఇంతకుముందు ఎక్కామా లేదా అన్నీ అడిగారు, అప్పుడే నమ్మకం కుదిరింది. ఆరుగురమే, రెండు గంటలు. కామార్గ్ జీనుకి ముందు వెనక ఎత్తుగా ఉంటుంది, కుర్చీలో కూర్చున్నట్టే, కళ్ళెం ఒక్క చేత్తో పట్టుకోవాలి. గుర్రాలు మరీ ఎత్తు కాదు, భుజం దగ్గర కొలిస్తే 135 నుంచి 150 సెంటీమీటర్ల మధ్య, అందుకే మొదటిసారి ఎక్కే వాళ్ళకీ భయం తక్కువ. బురద నేలకి అలవాటైన వెడల్పు గిట్టలు, మోకాళ్ళ పైదాకా నీళ్ళున్నా తడబడకుండా నడిచాయి, అటు పక్క ఫ్లెమింగోలు గుంపులుగా వాటి మానాన అవి మేస్తూనే ఉన్నాయి. తెల్లటి తల్లి పక్కన నల్లటి పిల్లని చూసి పాప ఆశ్చర్యపోయింది. పుట్టినప్పుడు ముదురు రంగులోనే ఉండి, నాలుగైదేళ్ళకి తెల్లబడతాయని గైడ్ చెప్పాడు.

రూమ్ విషయానికొస్తే, కారు లేకపోతే ఊళ్ళోనే తీసుకోండి, సముద్రం, పాత చర్చి, షాపులు అన్నీ నడిచే దూరం. కారుంటే మాత్రం బయట పొలాల్లో ఉండే ఇళ్ళే బాగుంటాయి, మేం చివరి రెండు రాత్రులు అలాగే ఉన్నాం. కానీ దోమలు! సాయంత్రం ఆరు దాటితే ఫుల్ హ్యాండ్స్ వేసుకోవాల్సిందే. మిస్ట్రాల్ అనే ఉత్తర గాలి లేస్తే చలి కూడా గట్టిగానే ఉంటుంది, మాకు ఒక పొద్దున రైడ్ దానివల్లే క్యాన్సిల్ అయింది, డబ్బులు అడక్కుండానే వెనక్కిచ్చారు. పశువుల కాపరుల పాత పూరిళ్ళకి ఉత్తరం వైపు గోడ గుండ్రంగా ఎందుకు కడతారో ఆ గాలిలో నిలబడితే అర్థమైంది.

తిండి దగ్గర ఒక జాగ్రత్త, మెనూలో గార్డియాన్ అని ఉంటే అది ఎద్దు మాంసం కూర, తినని వాళ్ళు ముందే అడగండి. శాకాహారం తక్కువే, మేం అక్కడి ఎర్ర బియ్యం కొనుక్కుని రూమ్‌లో పప్పుతో వండుకున్నాం.

మే 24, 25 తేదీల్లో సెయింట్ సారా ఉత్సవానికి యూరప్ నలుమూలల నుంచి రోమా జనం (జిప్సీలంటారే, వాళ్ళు) వస్తారు, విగ్రహాన్ని సముద్రంలోకి తీసుకెళ్తుంటే తెల్ల గుర్రాల మీద కాపరులు తోడు వెళ్తారు. రోమా వాళ్ళ రొమానీ భాష మూలాలు మన దేశానివే కాబట్టి నాకు అది చూడాలని చాలా ఉంది, ఈసారి డేట్లు కుదర్లేదు. ఆ రోజుల్లో వెళ్ళాలంటే రూమ్ నెలల ముందే బుక్ చేసుకోవాలి, ప్రశాంతంగా రైడ్ చేద్దామనుకుంటే మాత్రం ఆ వారం వద్దు.