నార్వే క్రూజ్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టబోతున్నారా? బెజవాడ, గుంటూరు వాళ్లు ఒకసారి ఆగి ఇది చదవండి

వచ్చే మే, జూన్ నెలల నార్వే క్రూజ్‌కి మన దగ్గర మళ్లీ సీట్లు నింపుతున్నారు. హోటల్ హాల్లో టిఫిన్ పెట్టి, తెర మీద వీడియోలు వేసి, "ఈ ఆదివారంలోపు కడితే మనిషికి ఇంత తగ్గింపు" అని తొందరపెడుతున్నారు. నేను, మా ఆయన, అత్తయ్య, మామయ్య పోయిన జూన్‌లో ఇలాంటి ప్యాకేజీలోనే వెళ్లొచ్చాం. దేశం బాగుంది, ఓడ బాగుంది, ఓడలో పనిచేసేవాళ్లు చాలా మర్యాదస్తులు. మోసం జరిగింది నార్వేలో కాదు, బందరు రోడ్డులో, ఏసీ గదిలో. లీగల్ నోటీసు నడుస్తోంది కాబట్టి ఆ ట్రావెల్స్ పేరు రాయడం లేదు. అయినా పేరు కంటే వాళ్లు అమ్మే పద్ధతి తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందు అసలు ఆ రూటు సంగతి చెబుతాను. ఆఫీసులో ఎవరూ చెప్పరు కాబట్టి.

నార్వే పడమటి తీరంలోని బెర్గెన్ నుంచి, రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా 34 రేవుల మీదుగా ఓడ వెళ్తుంది. 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ ట్రాండ్‌హీమ్, హామర్‌ఫెస్ట్‌ల మధ్య మొదలుపెట్టిన స్టీమర్ సర్వీసే పెరిగి పెరిగి ఇంతయింది. ఇప్పుడు రెండు కంపెనీలు అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం మీద నడుపుతున్నాయి. టూరిస్టులతో పాటు ఊళ్ల జనం ఎక్కుతుంటారు, దిగుతుంటారు, సరుకు కూడా వెళ్తుంది. సముద్రం మీద నడిచే పల్లెవెలుగు బస్సు అనుకోండి. క్యాసినో, పెద్ద థియేటరు, రాత్రంతా డాన్సులు ఉండే క్రూజ్ వేరు, ఇది వేరు. మాకు చూపించిన వీడియోలో నీళ్ల జారుడుబండలున్న పదిహేను అంతస్తుల ఓడ ఉంది. ఈ రూట్లో అలాంటిది తిరగనే తిరగదు.

మా మామయ్య మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసి మానేసిన మనిషి. ఆయనకు మాత్రం ఆ సరుకు వ్యవహారమే తెగ నచ్చింది. రేవు రాగానే ఓడ పక్క తలుపు తెరుచుకోవడం, ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి పెట్టెలు దింపడం చూస్తూ, "ఇంత సరుక్కి ఇద్దరే మనుషులా, మన దగ్గరైతే ముఠా మొత్తం కావాలి" అంటూ డెక్ మీదే నిలబడేవారు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మినా ఆయన సంతోషంగా కొనేవారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇక బ్రోచర్. అందులో దొంగ ఫొటో ఒక్కటీ లేదు. ఆకుపచ్చ వెలుగులు ఆడే ఆకాశం నిజం. అర్ధరాత్రి సూర్యుడు నిజం. కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయ ట్రోల్‌ఫ్యోర్డ్ మంచు కప్పుకోవడం నిజం, అలాంటిదే ఇంకో పాయ గైరాంగర్‌లో పచ్చటి కొండల మధ్య జలపాతాలు నిజం. ఏ ప్రయాణంలోనూ ఇవన్నీ కలిసి దొరకవన్నదే దాచిపెట్టారు. నార్తర్న్ లైట్స్, అంటే ఆ ఆకుపచ్చ వెలుగులు, కనబడాలంటే ఆకాశం చీకటిగా ఉండాలి. ఈ రూట్లో బాగా ఉత్తరాన ఉన్న ట్రోమ్సో ఊళ్లో మే 20 ప్రాంతం నుంచి జూలై 22 ప్రాంతం వరకు సూర్యుడు అస్తమించడు. సూర్యుడే దిగని ఊళ్లో ఆ వెలుగులు ఎక్కడ కనిపిస్తాయి? గైరాంగర్‌లోకి ఈ ఓడలు వెళ్లేది వేసవిలోనే. ట్రోల్‌ఫ్యోర్డ్‌లోకి చలికాలంలో వెళ్లవు, కొండచరియల భయం. అంటే మంచులో ట్రోల్‌ఫ్యోర్డ్ అన్న ఫొటో ఎవరో ఎప్పుడో తీసుకున్నదే తప్ప, మనకు అమ్మిన టికెట్‌తో చూడగలిగేది కాదు. నాలుగు రుతువులు ఒక్క కాగితం మీద పరిచి అరచేతిలో వైకుంఠం చూపించారు.

"నార్తర్న్ లైట్స్ గ్యారంటీ, కనబడకపోతే ఇంకో ట్రిప్పు ఫ్రీ" అని కూడా అన్నారు. అలాంటి హామీ అసలుకు ఉంది, కానీ అది శీతాకాలంలో పొడవాటి ప్రయాణం కొన్నవాళ్లకు ఓడ కంపెనీ ఇచ్చేది. దాన్ని తెచ్చి జూన్ టికెట్‌కి అతికించారు. ట్రోమ్సో దాటాక రాత్రి పన్నెండింటికి మా ఆయన డెక్ మీద నల్లకళ్లద్దాలు పెట్టుకుని, "లైట్స్ ఏవి?" అని టూర్ మేనేజర్‌ని అడిగితే, "ఈసారి వాతావరణం కలిసిరాలేదు సార్" అన్నాడు. ఎండలో నిలబడి అన్నాడు ఆ మాట.

రెండోది "12 రోజుల క్రూజ్". బెర్గెన్ నుంచి కిర్కెనెస్ వెళ్లి మళ్లీ బెర్గెన్ రావడానికి ఈ ఓడలకు పట్టేది 12 రోజులే, అందుకే ఆ అంకె వినగానే రానూపోనూ అనుకుంటాం. మాకు ఇచ్చింది ఒకవైపు టికెట్, బెర్గెన్ నుంచి కిర్కెనెస్ వరకు, ఓడలో ఆరు రాత్రులు. మిగతాదంతా విమానాలు, ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు, ఓస్లో హోటలు. వాటిని కూడా కూడితే 12 వచ్చింది. తేడా రోజుల్లోనే కాదు. ఈ రూటు టైంటేబుల్‌లో సొగసు ఏమిటంటే, పైకి వెళ్లేటప్పుడు నిద్రలో దాటిపోయిన చాలా రేవులు కిందికి వచ్చేటప్పుడు పగటిపూట వస్తాయి. ఒకవైపే కొన్నవాళ్లకు ఆ సగం పోయినట్టే. కిర్కెనెస్‌లో ఓడ దిగి విమానం ఎక్కించాక గానీ మా బృందంలో చాలామందికి ఈ సంగతి తెలియలేదు.

ఆ "34 పోర్ట్ స్టాప్స్" మాట కూడా అలాంటిదే. ఓడ ఆగుతుంది, నిజమే. చిన్న ఊళ్లలో పదిహేను నిమిషాలు, అరగంట. సరుకు దిగగానే కదిలిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు. ఊళ్లోకి వెళ్లి తిరిగేంత సమయం దొరికేది ఓలెసున్, ట్రాండ్‌హీమ్, బోడో, ట్రోమ్సో, హోనింగ్స్‌వాగ్ లాంటి కొన్ని చోట్లే. ఇందులో హోనింగ్స్‌వాగ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఆశపడేది నార్త్ కేప్ కోసం. సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే 307 మీటర్ల కొండ అంచు అది. రేవు నుంచి ముప్పై కిలోమీటర్లకు పైనే. ఓడ ఆగేది కొద్ది గంటలు. ఓడవాళ్లే నడిపే బస్సు టూరులో సీటు ముందుగా కొనుక్కోకపోతే వెళ్లిరావడం దాదాపు కుదరదు. మా ప్యాకేజీలో "నార్త్ కేప్" అని పెద్దక్షరాలతో ఉంది, పక్కన చిన్న చుక్క ఉంది, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో "అదనపు రుసుముతో" అని ఉంది. అదనం కడతామన్నా అప్పటికి బస్సులు నిండిపోయాయి. అత్తయ్య, మామయ్యలకు ఎలాగో రెండు సీట్లు దొరికాయి. మేమిద్దరం హోనింగ్స్‌వాగ్ వీధుల్లో కాఫీ తాగుతూ కూర్చున్నాం.

గదుల విషయం. "సీ వ్యూ" అన్నారు. మాకు వచ్చిన గదికి కిటికీ ఉంది, కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు ఉంది. పెద్దవాళ్లకు ఇచ్చిన గదికి కిటికీయే లేదు. ఓడ కంపెనీ ఈ రకాలన్నిటికీ వేరు వేరు కోడ్‌లు, వేరు వేరు ధరలు పెట్టి, అడ్డు ఉంటే ఉందని చెప్పే అమ్ముతుంది. మధ్యలో ఉన్నవాళ్లు చౌక గది కొని ఖరీదు గది డబ్బు తీసుకున్నారు.

తిండి దగ్గర అత్తయ్య పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. "ఇండియన్ చెఫ్ ఉంటాడమ్మా, సాంబారు కూడా దొరుకుతుంది" అన్నారు. ఓడలో భోజనమంటే చేపలు, గొర్రె మాంసం, పీతలు, రొట్టె, చీజు. శాకాహారం చేసిపెడతారు, కానీ బుకింగ్‌లోనే రాయించాలి. మా బుకింగ్‌లో ఒక్క ముక్క రాసి లేదు. పాపం వంటవాళ్లే రెండో రోజు నుంచి ఉడకబెట్టిన దుంపలు, కూరగాయలు విడిగా ఇచ్చారు. మా సంచిలో కందిపొడి, గోంగూర లేకపోతే ఆవిడ పస్తే. మీరూ పొడులు తీసుకెళ్లండి, నెయ్యి సీసా మాత్రం వద్దు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి మన దేశం నుంచి అక్కడికి పట్టుకెళ్లనివ్వరు.

ఇంకొకటి, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. "ఓడలో 24 గంటలూ డాక్టరు" అని చెప్పారు. తీరం వెంట నడిచే ఈ ఓడల్లో డాక్టరు ఉండడు, అవసరమైతే దగ్గర్లోని రేవులో ఆసుపత్రికి చేరుస్తారు. నార్వేతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, అది చేయించారు, సరే. పాలసీ కాగితం తెరిచి చూస్తే బీపీ, షుగరు లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించదని ఉంది. మామయ్యకు రెండూ ఉన్నాయి. పాలసీ పత్రం విమానం ఎక్కే ముందు రోజు చేతికిచ్చారు.

డబ్బు ఎలా తీసుకున్నారో కూడా వినండి. అడ్వాన్సు ఒక వ్యక్తిగత ఖాతాకు, మిగతాది ఇంకో పేరున్న సంస్థకు. టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేవాళ్లు మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను, అని లెక్కగట్టి తీసుకున్నారు. నిజంగా కట్టి ఉంటే అది మన పాన్ నంబరు మీద జమైన పన్నులు చూపించే ఫారం 26ఏఎస్‌లో కనబడాలి, రిటర్న్ వేసేటప్పుడు మన పన్నులో సర్దుకోవచ్చు. మాది ఇప్పటిదాకా కనబడలేదు. "వీసా గ్యారంటీ చార్జీ" అని ఇంకొంత. వీసా ఇచ్చేది ఎంబసీ, దానికి గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ ట్రావెల్స్‌కీ లేదు.

నా మాట వినేట్టయితే, అడ్వాన్సు ఇచ్చే ముందు నాలుగు వివరాలు కాగితం మీద రాయించుకోండి: ఓడ పేరు, ఎక్కే రేవు, దిగే రేవు తేదీలతో సహా, గది కోడ్. ఇవి చేతిలో ఉంటే మిగతాదంతా ఓడ కంపెనీ వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు: ఏ రేవులో ఎంతసేపు ఆగుతుంది, గదికి కిటికీ ఉందా, ధర ఎంత. "ఇంకా కన్ఫర్మ్ కాలేదు, వీసా వచ్చాక చెబుతాం" అన్నారంటే బుకింగే చేయలేదని అర్థం. బుకింగ్ అయ్యాక కంపెనీ ఇచ్చే నంబరు అడిగి, ఆ నంబరుతో నేరుగా కంపెనీకే మెయిల్ పెట్టి మీ పేర్లు, గది, శాకాహారం నమోదయ్యాయో లేదో చూసుకోండి. ఆ నంబరు ఇవ్వడానికి నసిగేవాళ్లతో బేరం పెట్టుకోకండి.

మా రసీదు వెనక "వివాదాలకు హైదరాబాద్ కోర్టులే" అని అచ్చు వేశారు. దాన్ని చూసి వెనకాడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, గుంటూరు వాళ్లు గుంటూరులోనే. చెల్లించిన మొత్తం 50 లక్షల్లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్తుంది. రెండేళ్లలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకుంటే కాగితం బలపడుతుంది. మేం బ్రోచర్, వాట్సాప్ మాటలు, చెల్లింపుల రుజువులు, కిటికీకి అడ్డుగా ఉన్న లైఫ్‌బోటు ఫొటో అన్నీ జతచేసి నోటీసు పంపాం. జవాబుగా వచ్చే ఏడాది ట్రిప్పుకి డిస్కౌంట్ కూపన్ పంపారు! దాన్ని కూడా ఫైల్లో పెట్టుకున్నాం.

ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే ఈరోజే వాళ్లకు మెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. ఓడ బుకింగ్ నంబరు, గది కోడ్, జీఎస్టీ బిల్లు, బీమా పాలసీ పూర్తి ప్రతి, రద్దు చేసుకుంటే ఏ తేదీలోపు ఎంత వెనక్కి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ రద్దు కోత పెరుగుతుంది, అందుకే ఇలాంటి వాళ్లు జవాబును సాగదీస్తారు. వారంలో సమాధానం రాకపోతే రెండో మెయిల్‌లో మొదటిదాని తేదీ రాసి, 1915లో నమోదు చేయండి.