కుక్క మేత తూచడానికి వంటింటి కాటా

పెంపుడు కుక్కకు రోజుకు ఎంత పెట్టాలన్న విషయంలో మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చిన వస్తువు, 10 కిలోల వరకు తూచగల చిన్న డిజిటల్ కాటా. పాత్రల దుకాణంలో 500 రూపాయల లోపే దొరికింది. ఒక్క గ్రాము తేడాను కూడా చూపుతుంది, రెండు పెన్సిల్ సెల్‌లతో నడుస్తుంది. కేకులు చేసేవారి సామానుగానే దీన్ని చూస్తుంటాం గానీ, కుక్కను పెంచే ప్రతి ఇంట్లోనూ ఉండవలసినదని నా అభిప్రాయం.

డాగ్ ఫుడ్ సంచితో ఉచితంగా వచ్చే ప్లాస్టిక్ కప్పు ఈ పనికి చాలదు. గుళికల పరిమాణాన్ని బట్టి ఒకే కప్పులో పట్టే బరువు మారిపోతుంది, పైగా ఇంట్లో ఒకరు అంచుకు సమంగా నింపితే మరొకరు గోపురంగా నింపుతారు. మా దేశవాళీ ఆడకుక్కకు రోజుకు పాతిక గ్రాములు ఎక్కువ పడినా, అది దాని మేతలో దాదాపు పదో వంతు.

ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఎన్ని గ్రాములు పెట్టాలో కాటా చెప్పదు. దాని బరువు 16 కిలోలు. 16ను 16తో, వచ్చినదాన్ని మళ్లీ 16తో గుణిస్తే 4096 వస్తుంది. ఫోన్ కాలిక్యులేటర్‌లో దానికి వరుసగా రెండుసార్లు వర్గమూలం తీస్తే 8 మిగులుతుంది. దాన్ని 70తో గుణిస్తే వచ్చే 560 కిలోక్యాలరీలు కేవలం విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిన పెద్ద కుక్కకు పశువైద్యులు దీన్ని 1.6తో హెచ్చిస్తారు కనుక రోజుకు 896 కిలోక్యాలరీలు. ఆపరేషన్ అయిన పిల్లికి ఆ గుణకం 1.2 మాత్రమే, ఎదిగే కుక్కపిల్లకు వయసును బట్టి 2 నుంచి 3 వరకు ఉంటుంది. మా సంచి మీద 100 గ్రాములకు 350 కిలోక్యాలరీలని ఉంది కాబట్టి, రోజుకు 256 గ్రాములు.

అయితే మన ఇళ్లలో కుక్క గుళికలు మాత్రమే తినదు. 100 గ్రాముల ఉడికిన అన్నంలో సుమారు 130 కిలోక్యాలరీలు ఉంటాయి, అంటే ఆ పూట 37 గ్రాముల గుళికలు తగ్గించాలి. గిన్నెను కాటా మీద పెట్టి, సున్నాకు తెచ్చే మీట నొక్కి, అన్నం వేసి, మళ్లీ సున్నా చేసి గుళికలు వేయగలగడం ఈ పరికరంలో నాకు బాగా నచ్చిన సౌకర్యం.

ఇంత పట్టింపు అవసరమా అని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే. అమెరికాలో 48 లాబ్రడార్లను రెండేసి చొప్పున జతలుగా చేసి, జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన పరిశోధనలో, తన జత కుక్క కన్నా పాతిక శాతం తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 1.8 సంవత్సరాలు ఎక్కువగా తేలింది. అయినా సూత్రం ఇచ్చే అంకెను ఆరంభంగానే తీసుకోవాలి. అరచేత్తో తేలికగా నిమిరితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. అలా లేకపోతే మేతను పది శాతం తగ్గించి, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చూడాలి. సంచి మీది పట్టిక ఇంటి పట్టున ఉండే కుక్కకు తరచుగా ఎక్కువే చూపుతుంది.

కాటాలో లోపాలు లేకపోలేదు. వెడల్పు గిన్నె పెడితే అంకెలు దాని కింద మరుగున పడతాయి. మెత్తటి చాప మీద ఉంచితే తూకం తప్పుతుంది. అన్నం కలిపేలోగా తనంతట తానే ఆగిపోయి లెక్క పోతుంది. తడి తగలకూడదు గనుక కడగడం కుదరదు, తుడుచుకోవలసిందే. కుక్క బరువు తూచడానికి ఇది పనికిరాదు, నెలకోసారి పశువుల ఆసుపత్రికి వెళ్లక తప్పదు. రెండు మూడు కిలోల చిన్న కుక్కలు, పిల్లులు ఉన్నవారు మాత్రం దీన్ని కొనడానికి అసలు వెనుకాడకూడదు. వాటి మేత తక్కువ కాబట్టి కప్పు చేసే తప్పు వాటి విషయంలోనే మరీ ఎక్కువ.