టవల్‌రూట్: ఒక్క బటన్‌తో రూట్ అధికారం
హ్యాకర్ జార్జ్ హాట్జ్ 2014 జూన్‌లో విడుదల చేసిన టవల్‌రూట్ అనే యాప్‌ను నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాడి చూశాను. కంప్యూటర్ గానీ, కేబుల్ గానీ, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) తాళం తెరిచే తతంగం గానీ లేకుండా, తెరపై ఉన్న ఒకే ఒక్క బటన్ నొక్కితే చాలు, ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లైనక్స్ కెర్నెల్‌లో, ఫ్యూటెక్స్ అనే భాగంలో ఉన్న లోపాన్ని ఆసరా చేసుకుని ఇది రూట్ అధికారాన్ని, అంటే ఫోన్ సిస్టమ్‌లో దేన్నైనా మార్చగల పూర్తి అధికారాన్ని, సంపాదించి పెడుతుంది. నొక్కిన కొద్ది క్షణాలకే ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అయింది. రూట్ చెకర్ అనే యాప్‌తో పరీక్షిస్తే పని పూర్తయినట్టు తేలింది. తీసేయడానికి వీల్లేకుండా ఇన్నాళ్లూ మెమరీని ఆక్రమించిన యాప్‌లను ఒక్కొక్కటిగా తొలగిస్తుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే ముఖ్యమైన లోటు ఒకటుంది. ఏ యాప్‌కు రూట్ అనుమతి ఇవ్వాలో అడిగే మేనేజర్ ఇందులో ఉండదు కాబట్టి, సూపర్‌ఎస్‌యూ వంటి మేనేజర్ యాప్‌ను వెంటనే విడిగా వేసుకోవాలి. ఆ మాట యాప్‌లోనే స్పష్టంగా చెప్పి ఉండాల్సింది. 2014 జూన్ 3 తర్వాత తయారైన కెర్నెల్ ఉన్న ఫోన్లలో ఇది పనిచేయదు. ఆ తేదీ సెట్టింగ్స్‌లో కెర్నెల్ వెర్షన్ దగ్గర కనిపిస్తుంది. నా బ్యాంకు యాప్ మాత్రం రూట్ చేసిన రోజు నుంచే తెరుచుకోవడం మానేసింది. కెర్నెల్‌లోని ఇదే లోపాన్ని దురుద్దేశంతో రాసిన యాప్ కూడా వాడుకోగలదు గనుక, ఇది పనిచేసిన ఫోన్‌ను డబ్బు లావాదేవీలకు దూరంగా ఉంచడమే మంచిది.