చేతి స్టాప్‌వాచీనా, డాష్‌బోర్డు టైమరా?

పాత రేసింగ్ గడియారాల మీద మనసు పడ్డవాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. రెండూ టైమే కొలుస్తాయి, కానీ ఒకటి ట్రాక్ పక్కన నిలబడ్డవాడిది, ఇంకోటి ఊగిపోయే కారులో డ్రైవర్ పక్కన కూర్చుని దారి, టైము చూసే నావిగేటర్‌ది.

ట్రాక్ పక్కన కావలసింది సెకను ముక్కలు. మామూలు మెకానికల్ స్టాప్‌వాచీ సెకనులో ఐదో వంతు దాకా చెబుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ కాస్తలోనే 11 మీటర్లు దాటేస్తుంది. 1971లో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద ఫార్ములా వన్ రేసులో డ్రైవర్ పీటర్ గెథిన్ గెలిచింది సెకనులో నూరో వంతు తేడాతో. అక్కడ ఐదో వంతు స్టాప్‌వాచీ చేతులెత్తేయాల్సిందే. నిజానికి స్విట్జర్లాండ్‌కు చెందిన హ్యూయర్ కంపెనీ 1916లోనే నూరో వంతు చూపే మైక్రోగ్రాఫ్ చేసింది. దాని ముల్లు 3 సెకన్లకో చుట్టు తిరుగుతుంది. బాగానే ఉంది, మరి నొక్కే బొటనవేలికి అంత చురుకు ఉండొద్దూ?

ర్యాలీ, అంటే ట్రాక్ మీద కాకుండా రోడ్ల మీద సాగే కార్ల పోటీ లెక్క వేరు. పాత తరహా ర్యాలీల్లో చాలావాటిలో ముందొచ్చినవాడు కాదు, చెప్పిన టైముకు చెప్పిన చోటికి చేరినవాడు గెలుస్తాడు. గంటలు, నిమిషాలు తప్పకుండా కనబడాలి. 1933లో హ్యూయర్ తెచ్చిన డాష్‌బోర్డు టైమర్ ఆటావియా. ఆటోమొబైల్, ఏవియేషన్ కలిపి పెట్టిన పేరు. దాని ఇబ్బందల్లా నిమిషాలు చూపే చిన్న లోపలి డయలే. 1958లో ఓ ర్యాలీలో ఆ కంపెనీ వారసుడు జాక్ హ్యూయరే దాన్ని చూడటంలో నిమిషం పొరబడి, మొదటి స్థానం పోగొట్టుకుని మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. సొంత సరుకే కొంప ముంచింది! ఆ కోపంతోనే మాంటే కార్లో టైమర్ చేయించాడు. అందులో గంట అంకె చిన్న కిటికీలో కనిపిస్తుంది. పక్కనే 8 రోజులకోసారి కీ ఇచ్చే మాస్టర్ టైమ్ గడియారం. ఈ జంటనే ర్యాలీ మాస్టర్ అన్నారు.

పాత కారుండి, క్లాసిక్ ర్యాలీలకు వెళ్లేవాళ్లయితే ఆ జంటే కొనండి. కారు లేకుండా కొంటే అది షోకేసు సరుకే. మిగతావాళ్లకు నా ఓటు ఐదో వంతు చేతి స్టాప్‌వాచీకే. ఇది జేబులో పడుతుంది, ఇంట్లో పిల్లల పరుగు పందేనికీ పనికొస్తుంది.

కొనేముందు పదిసార్లు నొక్కి చూడండి. ప్రతిసారీ ముల్లు సరిగ్గా సున్నా మీదే వాలాలి. నిలబెట్టి ఓ అరగంట, పడుకోబెట్టి ఓ అరగంట ఫోన్‌తో పోల్చండి. ఇక ఏది కొన్నా, చీకట్లో మెరిసే అంకెలుంటే అద్దం మాత్రం విప్పకండి. ఆ కాలంలో వాటికి రేడియం రంగు పూసేవారు, అది రేడియోధార్మిక పదార్థం, ఒంటికి హాని.