ఏడో హోల్ పూలతో నా పంచాయితీ

బెంగళూరులో మా గోల్ఫ్ కోర్సు ఫోటో చూసినవాళ్లు ముందు చెట్ల గురించే అడుగుతారు. బంధువుల ముందు నేనూ ఆ చెట్ల గురించే గొప్పలు చెప్పుకున్నాను. ఊళ్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండాలని లాల్‌బాగ్‌ను తీర్చిదిద్దిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగల్ తలపెట్టిన పద్ధతి మా కోర్సులోనూ కనిపిస్తుంది. టబెబూయాలు రాలేసరికి జకరండాలు, అవి వాడేసరికి తురాయిలు. చెరువు గట్టు మీద నిలబడి ఏడో హోల్ (కోర్సులో ఏడో గుంట ఉన్న భాగం) వైపు చూస్తే ఆట మీద ధ్యాస ఉండదు. నా ఫిర్యాదు సరిగ్గా ఆ హోల్ మీదే.

పొట్టి పార్ 3 అది, అంటే మూడు దెబ్బల్లో బంతిని గుంటలో వేయాల్సిన హోల్. గ్రీన్ (గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) వెనక వాలులో గులాబీ రంగు టబెబూయాలు వరుసగా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పూలు అరచేతి మందాన పేరుకుంటాయి. పొద్దున్నే ఊడ్చినా మనం ఆడే వేళకు మళ్లీ అంతే.

మొన్నటి పూల కాలంలో నెలవారీ పోటీ జరిగింది. ఆరు హోల్స్ వరకు నా జన్మలో ఎప్పుడూ ఆడనంత బాగా ఆడాను. ఏడులో నేను కొట్టిన బంతి గ్రీన్ మీద ఒకసారి ఎగిరి వెనక పూలలోకి దూరింది. మా జట్టులో నలుగురమూ చూశాం. “అక్కడే ఉంది సార్, ఎక్కడికీ పోదు” అన్నాడు నా బ్యాగు మోసే క్యాడీ. కోలారు వైపు అబ్బాయి, ఇంట్లో తెలుగే. అందరం నడుములు వంచి, పూలు చేత్తో తోస్తూ వెతికాం. వెతకడానికి గతంలో ఐదు నిమిషాలు ఉండేవి, 2019 నుంచి మూడే. అవి కాస్తా అయిపోయాయి, ఇక బంతి పోయినట్టే లెక్క. ఒక పెనాల్టీ దెబ్బ వేసుకుని మళ్లీ టీ దగ్గరికి, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటికి నడిచాను. అక్కడ వెనక జట్టువాళ్లు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. రెండో బంతి కొట్టి గ్రీన్ చేరేసరికి మొదటి బంతిని పైకెత్తి చూపిస్తూ మావాడు: “దొరికింది సార్!” ఆ ముఖంలో సంతోషం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. పెనాల్టీ మాత్రం అలాగే ఉంది.

దీనికి నిబంధనల్లోనే మందు ఉంది. ఆకులు, పూలు విపరీతంగా రాలే కాలంలో, ఫలానా హోల్‌లో ఆ కుప్పలను మరమ్మతులో ఉన్న నేలగా పరిగణించాలని కమిటీ స్థానిక నిబంధన పెట్టవచ్చు. అప్పుడు బంతి ఆ కుప్పలోనే ఉందని దాదాపు నిశ్చయంగా తెలిస్తే చాలు, పెనాల్టీ లేకుండా ఇంకో బంతితో ఆడుకోవచ్చు. నోటీసు బోర్డు మీద రెండు వాక్యాల పని. నేనే రాసి ఇచ్చాను. “మంచి సమస్యే సార్, వేరే క్లబ్బులకు ఈ భాగ్యం లేదు” అని కమిటీవారు నవ్వి కాగితం సొరుగులో పెట్టుకున్నారు.

మా గ్రీన్లు ఈ ఊళ్లోనే మేలైనవని గతంలో చాలామందికి చెప్పాను. ఇప్పటికీ దాదాపు అదే మాట, ఏడు, పన్నెండు మినహా. అక్కడ ఉన్నది బెర్ముడా గడ్డి, వినాయక చవితి పూజలో పెట్టే గరికకు దగ్గరి చుట్టం. ఎండను ఎంతైనా తట్టుకుంటుంది కానీ నీడను ఓర్వదు. పొద్దుటి ఎండను చెట్లు ఆపేస్తాయి, నేలలోని నీటికి వేర్లు పోటీకి వస్తాయి, గడ్డి పలచబడుతుంది. వానలు పడితే ఆ ఖాళీల్లో నాచు. సూటిగా కొట్టిన పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) కూడా అక్కడికి వచ్చేసరికి తడబడుతుంది. అలాగని చెట్లు కొట్టేయమని నేను అనను. అన్నా అయ్యే పని కాదు, చెట్ల సంరక్షణకు 1976లో చేసిన కర్ణాటక చట్టం ప్రకారం చెట్ల అధికారి అనుమతి కావాలి. కొమ్మలు కాస్త పలచబరిస్తే పన్నెండైనా కోలుకుంటుందని నా ఆశ.

చేరమంటారా అని ఎవరైనా అడిగితే సూటిగా జవాబు చెప్పలేను. మా ఇల్లు దగ్గర, సభ్యత్వం మామగారి చలవ, నా ఆట స్థాయిని చెప్పే హ్యాండిక్యాప్ అంకె చూస్తే ఒక దెబ్బ పోయినా ప్రపంచం మునిగేది కాదు. పోటీల కోసమే ఆడేవారికి, దూరం నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేవారికి లెక్క వేరుగా ఉండవచ్చు. అతిథిగా వచ్చేవారికైతే డిసెంబరు, జనవరి మంచివి. మార్చిలోనే రావాల్సి వస్తే తెల్ల బంతులు మానేసి నారింజ రంగువి తెచ్చుకోండి. పసుపువి వద్దు, తొమ్మిదో హోల్ పక్కన పసుపు టబెబూయాలు కూడా ఉన్నాయి.